రెండు కిలోల ఏడు వందలు

షెడ్డు తలుపు మోకాలితో తోసుకుని వచ్చింది మోర్వెనా టేట్,
చంకలో వంటింటి త్రాసు,
పళ్లెం అంచున ఇంకా మైదాపిండి.
గొర్రెల బొచ్చు తీసే ముఠాలకి
ముప్పై ఏళ్లుగా వండిపెడుతున్న మనిషి.
"నీ త్రాసు మీద నాకు నమ్మకం లేదు.
స్కోపుతో కలిపి రెండు కిలోల ఏడు వందలు.
ఒక్క గ్రాము మించినా తీసుకోను."

కిటికీ నిండా దక్షిణ దీవి కొండలు,
జూన్ నెల మంచు.
ఎప్పుడో హిమాలయాల నుంచి ఓడెక్కి వచ్చిన థార్ మేకలు
ఆ రాళ్ల మీద జూలు విదిలించుకుంటూ ఉంటాయి.
పాత తుపాకీ నాలుగున్నర కిలోలు.
ఇక దాన్ని పైకి తేనని
ఎడమ మోకాలు తెగేసి చెప్పిందట.

"కోటు వేసుకుని రా" అన్నాను,
"కొండ మీద వేసుకునేదే."
మోచేతి మడత నుంచి వేలి కణుపు దాకా కొలిచాను,
చెంప ఎక్కడ ఆనుతుందో పెన్సిలుతో గీశాను.
"పేరు చెక్కాలా?"
"పేరు ఎంత బరువు?"
"చెక్కితే లోహం తగ్గుతుంది."
"అయితే ఇంటిపేరుతో సహా చెక్కు."

టైటానియం ఉక్కులో సగం తూగుతుంది,
ధర దగ్గర మాత్రం మూడింతలు.
సన్నటి గొట్టానికి కార్బన్ పోగు చుట్టించాను,
బోల్టు ఒంటి మీద మెలికల గాళ్లు కోశాను,
స్క్రూల కడుపులు కూడా తొలిచాను.
గురిగింజలతో బంగారం తూచే కంసాలిలా
గురి చెడకుండా గింజ గింజ తీసేశాను.
రీమరు చేత్తో తిప్పేటప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టాను:
ఇక్కడ వెంట్రుకవాసి తేడా
మూడు వందల మీటర్ల అవతల మూరెడు.
రాత్రుళ్లు లేత్ కింద చుట్టలు చుట్టలుగా పొట్టు.
ఊడ్చి డబ్బాలో పోస్తే
డబ్బా ఎత్తలేకపోయాను.

రెండు కిలోల ఆరు వందల తొంభై నాలుగు.
ఆమె త్రాసు మీదే.
రెండుసార్లు తూచి, "ఊఁ" అంది.

ఆదివారం రేంజిలో బోర్లా పడుకుంది.
స్కోపులో గీతల కూడలి
ఆమె నాడితో పాటు ఎగిరెగిరి పడుతోంది.
పేలింది.
నేను తీసేసిన ప్రతి గ్రామూ
వడ్డీతో సహా ఆమె భుజం మీదికొచ్చి తన్నింది.
కాగితం మీద అయిదు చిల్లులు,
పెళ్లిలో పలకరించుకోని చుట్టాల్లా, దూరం దూరంగా.
పాత తుపాకీ తీసి మళ్లీ అయిదు కాల్చింది.
రూపాయి బిళ్లంత చోటు.

తిడుతుందనుకున్నాను.
"ఉప్పు తక్కువైంది" అంది.
"ఎంత?"
"చేతికి తెలుస్తుంది, పట్టు."
సీసం ముక్కలు టేపుతో అంటిస్తూ పోయాను,
ఆమె కళ్లు మూసుకుని భుజానికెత్తుతూ పోయింది,
ఇంకొంచెం, ఇంకొంచెం, చాలు.
మూడు వందల పన్నెండు గ్రాములు.

ఇత్తడిలో బొటనవేలు లావు దిమ్మ తిప్పాను,
ముందు కొయ్య కింద మరతో బిగించేలా.
కాగితం మీద కాల్చే రోజున ఉంటుంది,
కొండెక్కే రోజున ఉండదు.
రెంటికీ ఒకే తుపాకీ. ఇంతకన్నా పరిష్కారం నాకు తెలీదు.

పదకొండు రోజుల తర్వాత వచ్చింది, కుంటుతూ,
పాత వార్తాపత్రికలో థార్ మాంసం పొట్లంతో.
ఎంత దూరమో, గాలి ఎటు వీచిందో చెప్పలేదు.
"ఒకటే తూటా" అంది, అంతే.
"దిమ్మ ఇంట్లో పెట్టే వెళ్లావుగా?"
కోటు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టింది.
చలికి మసకబారిన ఇత్తడి.
"మోశాను. పైన పడుకున్నాక బిగించాను."
"మరి ఆ బరువో?"
"జేబులో ఉన్నది తుపాకీ బరువెలా అవుతుంది?"

నాకు జవాబు తట్టలేదు.
పోతూ పోతూ త్రాసు పట్టుకుపోయింది.
పొద్దున్నే నలభై మందికి రొట్టెపిండి కలపాలట.