గోటి గుర్తు

మీటరు పైన ఉంటుంది, నా చూపు కింద.
కందుకూరు సెక్షన్లో ఇరవై రెండేళ్లు
గోడల మీది అంకెలు రాసుకుంటూ
గోడల కింది కుండలు చూశాను.

మొదటిది గుడ్లూరులో, కుడితి గాబు పక్కన.
బూడిద పోసుకుంటున్నారు.
మూతి ఒకవైపుకు వాలి
ఎవరో పిలిస్తే పలకబోతున్నట్టు ఉంది.
సారె మీద లేచిన కుండకు ఆ వంకర రాదు.
తిరగేస్తే అడుగున గోటి గుర్తు,
విదియనాటి చంద్రుడంత.

ప్లాస్టిక్ బకెట్టు ఇచ్చి తెచ్చుకున్నాను.
ఆ ఇంటావిడ నవ్వింది:
"బిల్లు తగ్గించమంటే తగ్గించవు గానీ
బూడిద కుండకు బకెట్టా, అబ్బయా!"

తర్వాత లింగసముద్రంలో
చూలుమేక పొట్టలాంటిది.
అందులో కోడి పొదుగుతోంది,
ఇరవై ఒక్క రోజులు ఆగాను.
పొన్నలూరులో, నడుం మీద చెయ్యి పెట్టుకున్నట్టు
ఒకే చెవి ఉన్నది.
వలేటివారిపాలెంలోది చేతికొచ్చి, బస్సులో పగిలింది.
పెంకులు దాచాను.

ఎవరు చేశారంటే ఎవరికీ తెలీదు.
"మూకుళ్లు కొంటే ఊరికే ఇచ్చిందబ్బా, కుమ్మరి వెంగమ్మ"
అంది ఒక ముసలామె, కందులు చెరుగుతూనే.

మన్నేటి ఒడ్డున వెంగమ్మ లేదు.
కూతురు ఆదెమ్మ ఉంది,
ఇటుకల బట్టీలో లెక్కలు రాస్తుంది.
"ఆడది సారె ముట్టకూడదంటిరి గదా.
మా నాయన సారె ఆపినాక, మిగిలిన మట్టిని
వత్తులు పేని, చుట్టలు చుట్టి
ఒళ్లో పెట్టుకోని లేపేది.
ఆవంలో ఓరగా, సెగ సరిగా తగలని చోటు
ఇచ్చేవోళ్లు దానికి.
అందుకే ఒకపక్క నలుపు."

ఆ నలుపు చూసే
మద్రాసు నుంచి వచ్చినాయన లక్ష అన్నాడు.
వెంగమ్మ వినలేదు ఆ మాట.
నేను విని, టీ ఇచ్చి పంపేశాను.

ఒక ఆదివారం ఆదెమ్మ మా ఇంటికొచ్చింది.
పదకొండింటినీ వేలి కణుపుతో తట్టి విన్నది.
ఏడో దాన్ని బోర్లించి
గుర్తులో బొటనవేలి గోరు పెట్టబోయి,
పట్టక, చిటికెన వేలిది పెట్టింది.

"ఇది అమ్మది కాదు. నాది.
తొమ్మిదేళ్లప్పుడు, ఆమె చూడకుండా
వాటిల్లో కలిపేసినా.
ఆమెకు తెలిసిందో లేదో."

నా పుస్తకంలో ఏడు పక్కన
'అన్నిట్లోకీ మేలు' అని ఉంది.
కొట్టెయ్యలేదు.

"నీళ్లు పోసి చూడు" అంది, "కారుద్ది ఇది."
పోశాం.
కాఫీలు తాగేలోపే
గచ్చు మీద తడి గుమ్మం దాకా పోయింది.
ఇద్దరిలో ఎవరం
గుడ్డ కోసం లేవలేదు.