మిద్దె చూసిన మనిషి

గాలివాన వెలిసిన మూడోనాడు
చెంగల్రాయ మేస్త్రి వచ్చినాడు.
చెప్పులు నిచ్చెన కాడే వదిలి
మిద్దెంతా వట్టికాళ్ళతో తిరిగినాడు.
వేలి కణుపుతో తట్టడం, చెవి పెట్టడం.
గట్టి, గట్టి, గట్టి,
ఈడ మాత్రం బోలు.

"వంటింట్లో కదయ్యా కారేది?" అన్నాను.
"నీళ్ళు దిగేది ఒకచోట, కారేది ఒకచోట అక్కా.
లోపల యాడెయాడ తిరిగొస్తాయో
వాటికే తెలియాల."

పిట్టగోడ మూల
తుప్పు పట్టిన యాంటెనా కడ్డీ చూపించినాడు.
మొదట్లో వేలు దూరేంత సందు.

మద్రాసు స్టేషన్ కోసం
ఆయన దాన్ని తిప్పుతా పైనుంచి "వచ్చిందా?" అంటే
కింద నేను, పొయ్యి మీద పాలు వదిలేసి,
"పోయింది... పోయింది... ఆఁ, అట్నే ఉండు!"
ఇరవై ఏళ్ళుగా ఆ మూలకే పోలేదు.

"పెరికేస్తేనే అక్కా, పూత నిలిచేది."
పెరికినాడు. పాలపన్నంత సులువుగా వచ్చేసింది.
గొట్టంలోంచి నల్లనీళ్ళు, నాలుగు చీమలు.

సిమెంటుకూ ఇసకకూ లెక్క రాసిచ్చి
చూసినదానికి దుడ్లొద్దన్నాడు.
"మీ ఇల్లెట్లుందయ్యా?"
"మాది రేకులు కదా, చూసే పనే లేదు.
పండుకుంటే చుక్కలు కనిపిస్తా ఉండాయి."
కాసేపాగి,
"ఈ కడ్డీ ఇస్తావా అక్కా? రేకులకు ఊతం పెట్టుకుంటా."

భుజాన వేసుకుని మోపెడ్ ఎక్కినాడు.
కొర్లగుంట సందు మలుపులో
కడ్డీ కొంచెం పక్కకు తిరిగింది.
"ఆఁ, అట్నే ఉండు!"
అని అరిచేసినాను.
బండి మోతలో ఆయప్పకు వినపడలేదు.