ఎడమ మలుపు

యాకూబ్ మిస్త్రీ నన్ను పెట్టుకున్నది
పని కోసం కాదు,
బరువు కోసం.

త్రిముల్గేరి వేలంల తూకానికి కొన్న
మిలట్రీ తొట్టి బండి
గూడ్సు డబ్బాల గడ్డి కింద పండుకొని
కాజీపేటకొచ్చింది.
మండిబజార్ల దించితే
హమాలీలు చుట్టూ మూగి
"మూడే ఉన్నయి, నాలుగో చక్రం
లడాయిల పోయిందా?" అని నవ్విన్రు.

మిస్త్రీ నవ్వలే.
గరుకు కాగితంతో టాంకీ గీకుతుంటే
పైన ఖాకీ,
దాని కింద ఎడారి ఇసుక రంగు,
దాని కింద అడివాకు పచ్చ,
అడుగున బూడిద.
అది ఏ దేశపు బూడిదో
అడిగితే చెప్పలే.

ఇంకోటి చెప్పిండు:
"దీని తాతల కాలంల పక్కన వెదురు కుర్చీ ఉండె,
పెండ్లాన్ని షికారు తిప్పుతందుకు.
లడాయి రాంగనె కుర్చీ తీసి మంచం కట్టిన్రు,
దెబ్బ తిన్నోన్ని పండబెడ్తందుకు.
మంచం తీసి తుపాకి పెట్టిన్రు.
తుపాకి బరువుకు బురదల దిగబడితే
పక్క చక్రానికి సుత ఇంజను బలం ఇచ్చిన్రు,
ఇగో, ఈ కడ్డీతోని."

ఆ కడ్డీ నూకితే
రెండు చక్రాలు ఒక్క పట్టు పట్టి
బండి మలగనే మలగదు.
హ్యాండిల్ ఎటు తిప్పినా
ముక్కుసూటిగ పోతది.
పోచమ్మ మైదాన్ల
సోడా బండి మీదికే పోయింది.
పన్నెండు సీసాలు.
గోలీలు ఏరుకునేసరికి పొద్దుగూకింది.
ఆ రాత్రే కడ్డీ ఊడదీసి
పనిముట్ల పెట్టె అడుగున పడేసిండు.

కడ్డీ పోయినా పేచీ పోలే.
ఎడమకు మలిపితే
తొట్టి గాలిలకు లేస్తది.
ఇసుక బస్తా పెట్టిండు, చినిగింది.
అప్పుడు నేను.
పదకొండేండ్లు.
మిర్చి తూచే కాంట మీద నిలబెట్టి,
ఇరవై ఎనిమిది సేర్లు,
"సాలుతడు" అన్నడు.

ఆత్మకూరుకు పంపు సామాన్లు,
హసన్‌పర్తికి నూలు,
ఒక ముసురు రాత్రి నన్ను దించి
నా జాగల మంత్రసాని ఉప్పలమ్మ.
తుపాకి నిలిపే కొయ్యకు లాంతరు తగిలేసిన్రు.
పిల్ల బతికింది.
ఉప్పలమ్మ మాత్రం నడిచే వాపసొచ్చింది.
"తోలెటోనికి హ్యాండిలున్నది,
నాకేమున్నది పట్టుకుంటందుకు?" అన్నది.

నిజమే. తొట్టిల
బ్రేకు లేదు, గేరు లేదు,
పక్కోని మోచెయ్యి ఎటు వంగితే
నీ పానం అటు.

హంటర్ రోడ్డు మలుపుల
నా కింది చక్రం భూమి విడిచింది.
తొట్టి అంచు కింద వేళ్లు బిగవట్టిన.
అక్కడ, గరుకు కాగితం అందని చోట,
నాలుగు గీతలు.
రేకు మీద, సన్నగ, లోతుగ.
నా గోర్లు వాటిల్ల కూసున్నయి.

మిస్త్రీకి చెప్పిన.
బండి ఆపి, దిగి,
అంచు కింద చెయ్యి పెట్టి
చాలాసేపు తడిమిండు.
తమ్ముడు దస్తగీర్ బర్మా దిక్కు పోయిండు,
ఏ బండిల పోయిండో
ఉత్తరంల రాయలే.
ఈ ముచ్చట నాకు తర్వాతెప్పుడో
ఆయన భార్య చెప్పింది.

ఆ దినం ఆయన ఏమనలే.
కిక్కు కొట్టిండు.
అప్పట్నుంచి ఎడమ మలుపు వస్తుందంటే
పది గజాల ముందే గేరు తగ్గించేటోడు.
కుడి మలుపుల మాత్రం
ఎప్పటిలెక్కనే.