కీ లేని పురుగు

న్యూరెంబర్గ్‌లో ఇంకా తెల్లవారలేదు.
టార్చి వెలుగులో, దుప్పట్ల మీద
అంచు పగిలిన కప్పులూ జత లేని స్కేట్లూ.

మోజు మొహంలో కనిపించిందా, ధర రెట్టింపు.
అందుకే ముందు ఒక కప్పు బేరమాడి,
తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు
ఆ రేకు పురుగును చేతిలోకి తీసుకున్నాను.
ఆరుద్ర పురుగంత ఎరుపు, ఒకప్పుడు.
పొట్ట కింద నలుచదరపు చిల్లు. కీ లేదు.

"మూడు యూరోలు. నడవదు,"
ఇర్మ్‌గార్డ్ ఫ్లాస్కు మూత విప్పుతూ అంది.
"మా అన్నది. నాకు ఊహ తెలిశాక
అది కదలగా చూళ్ళేదు."

నా జేబులో పదిహేడు కీల గుత్తి.
ఆరోది పట్టింది.
ఇక్కడే నా బుద్ధి గడ్డి తింది.
ఇల్లు చేరేదాకా ఆగలేక
మూడు చుట్లు తిప్పి వదిలాను.

కిర్రుకిర్రుమంటూ, రేకు రెక్కలు టపటపలాడిస్తూ
కప్పుల సందుల్లోంచి దూరి వెళ్ళి
ఆమె బూటుకు గుద్దుకుని
అక్కడే కాళ్ళాడించింది.

మూతలో పోసిన కాఫీ
ఆమె తాగలేదు.
"అమ్మను," అంది,
పురుగును కోటు జేబులో వేసుకుంటూ.

కీ నా దగ్గరే ఉండిపోయింది.
ఇచ్చి రావలసింది.
అంత మంచివాణ్ణి కాను.

పై ఆదివారం, నేనింకా నాలుగు దుప్పట్ల అవతల ఉండగానే
ఆమె కప్పులన్నీ పక్కకు జరిపి
మధ్యలో
జానెడు దారి చేసింది.