వచ్చిందేటి?

పాత ట్రాలీ ఇరుసు మీద
తొమ్మిది నెలల ప్లైవుడ్డు పని.
మడిస్తే మంచమంత.
నాలుగు గోడలూ ఎత్తి కొక్కేలు తగిలిస్తే
ఇద్దరం నిలబడేంత గది.
కంచరపాలెం సందులో దీన్ని
గౌరునాయుడి కోళ్లగూడు అంటారు.
లంబసింగి మంచు చూడ్డానికెళ్లే కోళ్లం మేం.

గోడకి గోడ కలిసేచోటే వచ్చింది చిక్కంతా.
ఆటో తలుపుల రబ్బరు బీడింగు
మీటరు లెక్కన తెచ్చాడు,
పాత ఫ్రిజ్జు తలుపు అంచు కోసి మూలలకి పెట్టాడు.
మిగిలిన సందుల్లో సిలికాన్ పిండుతుంటే
వీధంతా నూడిల్స్ బండి వాసన.
సబ్బునీళ్లలో వేలు ముంచి
పైనుంచి కిందికి ఒక్క ఊపున లాగాలి,
మధ్యలో ఆగకూడదు.
ఆగాను.
తూర్పు మూలలో ఇప్పటికీ
నా చూపుడువేలి గీతలున్నాయి,
రిజిస్ట్రాఫీసు కాగితం మీద ఉన్నట్టు.
అది ఆరేలోపే పోర్టు బొగ్గుపొడి వచ్చి వాలింది.
మా వైపు
తెల్లగా మొదలైనవేవీ తెల్లగా మిగలవు.

ఆదివారం పరీక్ష.
కిటికీలు మూసుకుని లోపల నేను,
ఒక చేతిలో టార్చి, ఒక చేతిలో సుద్దముక్క.
బయట ఆయన,
కుళాయి వచ్చే ముప్పావుగంటలో
పైపు పట్టుకుని చుట్టూ ప్రదక్షిణాలు.
"వచ్చిందేటి?"
"రాలేదు."
"ఇప్పుడు?"
"లేదు."
"చూస్తన్నావా, నిద్రోతన్నావా?"

ప్లైవుడ్డు మీద నీటి చప్పుడు
మొదట శనగలు వేగినట్టుంది.
తర్వాత హుద్‌హుద్ అయింది.
ఆ రోజు కూడా నేను లోపలే.
తలుపుకి వీపు ఆనించి, కాళ్లు ఎదురు గోడకి తన్ని,
గడప కిందనుంచి పాకే నీళ్లలో
పెళ్లి చీరతో సహా
చేతికందిన బట్టలన్నీ కుక్కాను.
ఆయన షిప్‌యార్డులో చిక్కుకుపోయాడు.
మర్నాడు పడిన చెట్లెక్కి దిగి ఇంటికొచ్చి
"నీళ్లొచ్చాయేటి?" అన్నాడు.
ఆ బట్టలకుప్ప చూస్తూనే అడిగాడు.

"వరాలూ!" పైపు ఆగింది. "పలకవేటి?"
చూస్తే, వచ్చింది.
పోస్తున్నది పడమటి గోడ మీద,
కారుతున్నది తూర్పు మూల.
దూరిన చోట బయటపడదు నీరు,
మా అత్తగారి కోపంలాగే.
చుట్టూ సుద్దతో సున్నా చుట్టాను.

జాలారిపేట ఎర్లయ్య మామని పిలిచాం.
నాటుపడవల అతుకుల్లో దూదీ గుగ్గిలం కూరి కూరి
బొటనవేలు ఉలిలా అయిపోయిన మనిషి.
గోడ తట్టాడు, వాసన చూశాడు,
మా ఇద్దరికంటే ఆ సున్నాని ఎక్కువ నమ్మాడు.
"పడవకైతే నీరు కింద. దీనికి నెత్తిమీద.
పూడ్చీడం కాదు నాయుడా,
పై గోడ కింద గోడ మీదకి
కొంగులాగ జారాల.
కారింది కారినట్టు నేలకి పోవాల."
టీ తాగాడు. డబ్బులొద్దన్నాడు.
మా సిలికాన్ గొట్టం ఒకటి
జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

కొంగులు కుట్టడం నాకొచ్చు.
నగల కొట్టు ప్రారంభోత్సవం ఫ్లెక్సీ కోసి
అతుకు పొడవునా జానెడు అంచు వేలాడగట్టాను.
మిషను సూదులు రెండు విరిగాయి.
బొమ్మ ఉన్న వైపు లోపలికొచ్చింది:
పడుకుంటే ఎదురుగా
ఒక పెళ్లికూతురి సగం నవ్వు, పూర్తి వడ్డాణం.

శుక్రవారం రాత్రి అల్పపీడనం పట్టింది.
లంబసింగి లేదు, ఘాట్ రోడ్డు లేదు.
సందులోనే, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన గోడలెత్తి
కావాలనే లోపల పడుకున్నాం.
పడమర పొడి. ఉత్తరం పొడి.
రెండింటప్పుడు తూర్పు మూల,
నా వేలు ఆగిన చోట
ఒక్క చుక్క,
టార్చి వెలుగులో చాలాసేపు వేలాడి
పడింది.
స్టీలు గ్లాసు పెట్టాను. టంగుమంది.
చేతిగుడ్డ మడిచి గ్లాసు అడుగున వేశాను.
చప్పుడు పోయింది.

నిద్రలోనే ఇటు తిరిగాడు.
"వచ్చిందేటి?"
"రాలేదు," అన్నాను. "పడుకో."