ఏటి

మూడు రోజులు బీచ్ రోడ్డు హోటల్లో నేర్పారు మాకు,
పోర్టు వాళ్ళం పన్నెండుమందిమి, ఏసీలో ముడుచుకుని కూర్చుని.
కోచింగ్ అంటే ఇంట్లో నవ్వారు:
"ఈ వయసులో ఏ ఎంట్రన్సు రాస్తారు?"
పరీక్ష కాదు, మాట్లాడ్డం, అన్నాను.
ఇరవై ఏడేళ్ళు క్రేన్ల కింద అరిచినవాణ్ణి
మాట్లాడ్డం నేర్చుకుని వచ్చాను.

ఇచ్చిన కాగితంలో ప్రశ్నలున్నాయి, ఇస్త్రీ చేసినవి.
జేబులో పెట్టుకుని ఢిల్లేశ్వరిని పిలిచాను.

పది రోజుల కిందట, పొద్దుగూకే వేళ,
ఆమె దింపుతున్న కంటైనరు ఓడ అంచుకి రాసుకుంది.
ఎవరికీ ఏమీ కాలేదు. కొంచెం పెయింటు పోయింది, అంతే.
అప్పట్నుంచి
గంటకి ఇరవై ఎత్తే పిల్ల పదకొండు దగ్గర ఆగుతోంది.
నిచ్చెన ఎక్కేముందు అరచేతులు ప్యాంటుకి తుడుచుకుంటోంది.

తెలుగులో ప్రశ్న చేయడం ఎంత తేలికో!
మాట తోక కాస్త సాగదీస్తే చాలు.
"భయపడ్డావా?"
"లేదండి."
"నిద్ర సరిపోతోందా?"
"సరిపోతోందండి."
సాగదీసిన ప్రతి చోటా ఒక తలుపు,
నేనే తీసి నేనే మూస్తున్నాను.

"సిగ్నల్ చూసుకునే దింపావు కదా?"
కదా అనేది ప్రశ్న కాదు.
భోజనానికి పిలిచి, విస్తరి మడిచి చేతికివ్వడం.
"చూసుకునే దింపానండి" అంది.

"మరి ఎందుకు ఆపలేదు?"
ఆ ఎందుకుకి ఒక వేలుంది, చూపుడు వేలు.
పిల్ల వీపు నిటారైంది.
హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని
దాని లోపలికి చూస్తూ
"తప్పేనండి" అంది.

ఆ మాటతో పని అయిపోయిందనుకుంటారు చాలామంది.
నేనూ ఇరవై ఏడేళ్ళు అలాగే అనుకున్నాను.

బయటికి వచ్చాం. క్యాంటీన్ గోడ పక్కన, టీ.
గాలిలో ఇనుప ఖనిజం దుమ్ము, చేపల రేవు వాసన.
డాల్ఫిన్ నోస్ కొండ నీడ ఛానల్లోకి దిగుతోంది.
టగ్గు ఒకటి కూసింది.
నాలుక చివర సలహా సిద్ధంగా ఉంది, ఎప్పట్లాగే.
వేడి టీతో మింగేశాను. నాలుక కాలింది.

అప్పుడొచ్చింది, కాగితంలో లేనిది,
భీమిలి రేవులో మా అమ్మ తట్ట దించి
పక్కవాళ్ళని అడిగే గొంతుతో:
"పైనుంచి ఏటి కనిపించింది?"

ఏమిటి కాదు. ఏటి.
ఉద్యోగంలో చేరిన రోజునుంచి దాచుకున్న మాట.
అందులో ఎక్కడో ఒక ఏరు ఉంది కాబోలు,
ఎదుటి మనిషి పల్లం ఎటుంటే అటు పోతుంది.

ఆమె వెంటనే చెప్పలేదు.
ఇంకో మాట అనకుండా ఉండడానికి
గ్లాసు అంచున నురగ బుడగలు లెక్కపెట్టాను.
పదమూడు దాకా వచ్చాను.

"సెయ్యి కనబళ్ళేదు సార్.
సన్యాసప్పడు కొత్త గ్లౌజులేసుకున్నాడు, నల్లవి.
ఎనకాల ఓడ కడుపు నలుపు. పొద్దు పోతంది.
సెయ్యి ఎత్తేడో, దించేడో...
సూసేనండి. సూసింది సెయ్యనుకున్నాను."

పది రోజుల్లో ముగ్గురు ఆఫీసర్లు,
రెండు రిపోర్టులు, ఒక ఫొటో.
గ్లౌజుల రంగు ఎవరూ అడగలేదు.

"అయితే ఇప్పుడేటి చేద్దామనుకుంటున్నావు?"
"మణికట్టుకి తెల్లగుడ్డ కట్టుకోమంటానండి. నానే సెప్తాను.
కట్టుకోకపోతే దించను."
దించను అన్నప్పుడు
ఆమె చేతిలో గ్లాసు కదల్లేదు.

లేచాను. బాగా చేశాననుకున్నాను, అబద్ధమెందుకు.
హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ అప్పుడు అడిగింది,
నా ప్రశ్నే, నా ఏటితోనే:
"మరి మీకేటి కనిపించింది సార్, కిందనుంచి?"

ఆ సాయంత్రం ఆ బెర్తు మీద ఇన్‌చార్జిని నేనే.
ఓడ ఆరున్నరకి వదలాలి.
నేను గడియారం చూస్తున్నాను.

టగ్గు మళ్ళీ కూసింది.
ఆమె తొందరపెట్టలేదు.