ఎనిమిదింతలది, పదింతలది

రాత్రి డ్యూటీ దిగి, బట్టలైనా మార్చకుండా
రంగంపేట బస్సెక్కి కల్యాణి డ్యాం కట్ట మీదికొచ్చాను.
స్వెటరు కుడి జేబులో ఎనిమిదింతల బైనాక్యులర్,
చెంగల్రాయులు సారు అరువిచ్చింది, అంచులు గీసుకుపోయి.
ఎడమ జేబులో పదింతలది,
గాంధీ రోడ్డులో ఎంత బేరమాడినా దిగనిది.
"మధ్యాన్నానికి తెచ్చీమేడం" అని షాపబ్బాయి నమ్మి ఇచ్చాడు.
రెండూ మడిస్తే గుప్పిట్లో పడతాయి.

బండ మీద పసుపు గొంతు పికిలి.
పదింతల్లో ఎంత దగ్గర! గొంతు కింద పసుపు
ఇప్పుడే పూసినంత తడి.
కానీ వణుకుతోంది.
పిట్ట కాదు, నేను.
గడియారం చూడకుండానే లెక్కపెట్టాను: ఎనభై ఎనిమిది.
తెల్లారుజామున ఏడో బెడ్డు ముసలాయన మణికట్టులో
నా వేళ్లకు దొరక్కుండా పోయిన నాడి
ఇక్కడ పిట్ట రెక్క మీద కొట్టుకుంటోంది.

ఎనిమిదింతలది ఎత్తాను.
పిట్ట చిన్నదై నిలిచింది.
దాని చుట్టూ బండ, బండ వెనక
ఇంకా మసక వదలని కొండ.
కళ్లద్దాలు తియ్యకున్నా అంచుల్లో నలుపు లేదు,
వెలుగు చాలని వేళకు ఇదే నయం.

కొనాల్సింది ఇదేనని తెలుసు.
అయినా చెయ్యి ఎడమ జేబులోకే పోయింది,
ఆ వణుకు ఇంకోసారి చూద్దామని.